పెరట్లో కుక్కకి ఓ మూల

ప్రశ్న: మాది కాకినాడ. సొంత ఇల్లు, వెనక చిన్న పెరడు ఉంది. నాలుగు నెలల లాబ్రడార్ పిల్లని తెచ్చుకున్నాం. పెరడంతా దానిదే అన్నట్టు ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటోంది. మా అత్తగారు పొద్దున్నే చెప్పుల్లేకుండా తులసికోట దగ్గరికి వెళ్తారు, రోజూ ఏదో ఒకటి తొక్కడం, రోజూ గొడవ. కరివేపాకు చెట్టు మొదట్లోనూ అదే పని. ఒక మూల దానికే వదిలేద్దాం అంటున్నారు మావారు. అక్కడ ఇసుక పోయించాలా, కంకర వేయించాలా, సిమెంట్ చేయించాలా? ఎత్తిన పెంటని ఏం చేయాలి? మామగారేమో ఈశాన్యం జోలికి మాత్రం వెళ్లొద్దంటున్నారు.

జవాబు: ఈ విషయంలో నా ఓటు మామగారికే. వాస్తు నాకు తెలియదు గానీ, మన ఇళ్లలో బోరూ నీళ్ల సంపూ ఎక్కువగా ఈశాన్యంలోనే ఉంటాయి, వాటి పక్కన కుక్క ఉచ్చ భూమిలోకి ఇంకడం మంచిది కాదు. సంపుకీ, బట్టలారేసే తీగకీ, వంటింటి కిటికీకీ వీలైనంత దూరంగా చూసుకోండి. అలాగని పెరటి చివర చీకట్లో, గుబురు మొక్కల వెనక పెడితే లాభం లేదు. రాత్రి పదింటికి తుంపర పడుతుంటే మీరెవరూ అంత దూరం నడవరు. మీరు నడవకపోతే దానికి అలవాటు కాదు. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే చోటు అయితే బాగుంటుంది. ఎండ తగలకపోతే తేమ ఆరదు, మీ ఊళ్లో మే నెల మధ్యాహ్నం పూర్తి ఎండలో ఉంటే దాని అరికాళ్లు కాలుతాయి.

ఇక ఇసుకా కంకరా అన్న ప్రశ్న. చాలామంది దీన్ని ఇంటి అందం లెక్కలో చూస్తారు, కుక్క లెక్క వేరు. దానికి చోటు గుర్తుండేది వాసనని బట్టి, పాదాల కింద ఏం తగులుతోందన్న దాన్ని బట్టి. చిన్నప్పుడు దేని మీద అలవాటైతే పెద్దయ్యాకా అదే వెతుక్కుంటుంది. అమ్మేవాళ్ల దగ్గర గచ్చు మీద పెరిగిన పిల్ల మీ ఇంటికొచ్చి హాల్లో మార్బుల్ మీద పోసిందంటే అది మొండితనం కాదు, దానికి తెలిసిన బాత్రూమ్ అదే. మీ పిల్ల ఇప్పటికే మట్టిలో, గడ్డిలో వెళ్తోంది కాబట్టి మీ పని సగం తేలిక. ఇప్పుడు సిమెంట్ చప్టా వేయించి దాన్ని మళ్లీ మొదటికి తీసుకెళ్లకండి. పైగా చప్టాకి వాలు సరిగ్గా కుదరకపోతే ఉచ్చ అక్కడే నిలిచి వాసన ఇల్లంతా పట్టుకుంటుంది.

ఒట్టి ఇసుక కూడా వద్దంటాను. కుక్క పేగుల్లో ఉండే కొంకి పురుగులు (హుక్‌వార్మ్) పెంటతో బయటికొస్తే, వెచ్చగా, తేమగా ఉండే ఇసుకలో వాటి పిల్లలు హాయిగా బతుకుతాయి, అవి చెప్పుల్లేని కాలి చర్మంలోంచి లోపలికి దూరి, ఎర్రగా పాకుతున్నట్టు దురద గీతలు పెడతాయి. మీ అత్తగారి గొడవలో న్యాయం ఉంది. దానికి తోడు ఇసుక పోశామంటే వీధిలో పిల్లులన్నీ రాత్రిపూట అక్కడికే వస్తాయి. రోబో శాండ్ అయితే, అంటే రాయిని ఆడించి తీసిన ఇసుక, నూక ఎక్కువ, తడిసి గట్టిగా పేరుకుని నీళ్లు దిగవు. పెద్ద కుక్కలకి నేను చెప్పేది బేబీ చిప్స్ అనే సన్న కంకర, పైన కడిగితే నీళ్లు కిందికి దిగిపోతాయి, పెంట ఎత్తడం సులువు. కానీ లాబ్రడార్ పిల్ల దేన్నైనా తినేస్తుంది, రాళ్లు మింగి ఆపరేషన్ దాకా వచ్చే కుక్కల్లో ఈ జాతివి తక్కువేం కాదు. కాబట్టి ఏడాది నిండేదాకా చిప్స్ వద్దు.

మీకు నా సలహా ఇది. ఆరడుగులు బై ఎనిమిది అడుగుల చోటు గుర్తు పెట్టుకోండి, అంతకంటే చిన్నదైతే అది వాసన చూసుకుంటూ గుండ్రంగా తిరిగి తిరిగి బయటికొచ్చి కూర్చుంటుంది. ముప్పావు అడుగు తవ్వించి, అడుగున నాలుగంగుళాలు 20 ఎంఎం కంకర, దాని మీద పాత గ్రీన్ షేడ్ నెట్ ఒక పొర, పైన తవ్విన మట్టిలోనే ముతక ఇసుక కలిపి నింపి గరిక నాటించండి. చుట్టూ ఒక ఇటుకల వరస. ఎందుకంటే కుక్కకీ, మీ ఇంట్లోవాళ్లకీ కూడా హద్దు కనపడాలి. తులసికోట చుట్టూ, కరివేపాకు చుట్టూ కొన్నాళ్లు కోళ్ల మెష్ కట్టండి. ఆ మూలకి దగ్గర్లో గన్నేరు, ఉమ్మెత్త, సైకస్ ఉంటే తీయించేయండి, పిల్ల నమిలిందంటే ప్రాణం మీదికొస్తుంది. సైకస్ గింజలు మరీ ప్రమాదం.

అలవాటు చేయడం గురించి మీరు అడగలేదు, కానీ అసలు పని అదే, ఎంత బాగా కట్టించినా అది తనంతట తాను వెళ్లి కూర్చోదు. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆట అవ్వగానే, పడుకోబోయే ముందు లీష్ వేసి అదే దారిలో తీసుకెళ్లండి. అక్కడ నిలబడండి, ఆడించకండి, ఫోన్ చూసుకోండి కావాలంటే. ఇంటిల్లిపాదీ ఒకటే మాట అనాలి. మీరు ‘గో పాటీ’ అంటే, అత్తగారు ‘ఉచ్చ పోసుకో’ అంటే, పిల్లలు ఇంకోటి అంటే దానికి ఏదీ అర్థం కాదు. పని అవ్వగానే అక్కడికక్కడే, ఆ క్షణంలోనే చిన్న బిస్కెట్ ముక్క పెట్టండి. లోపలికి వచ్చాక పెడితే లోపలికి రావడానికి పెట్టారనుకుంటుంది. ఇంకో తప్పు అందరూ చేస్తారు: పని అవ్వగానే గబగబా ఇంట్లోకి లాక్కొచ్చేస్తారు. అప్పుడు తెలివైన పిల్ల ఏం నేర్చుకుంటుందంటే, పోస్తే షికారు అయిపోతుంది కాబట్టి ఆపుకోవాలని. పని అయ్యాకే లీష్ విప్పి పెరట్లో కాసేపు ఆడనివ్వండి. మొదటి వారం దాని పెంట కొంచెం, ఉచ్చ తుడిచిన పేపరు ఒకటి ఆ చోట ఉంచితే వాసనే దారి చూపిస్తుంది. ఇంట్లో పోసిందని ముక్కు అందులో రాయడం లాంటివి చేయకండి, మీరు చూడనప్పుడు సోఫా వెనక పోయడం తప్ప ఇంకేమీ నేర్చుకోదు.

పెంట రోజూ ఎత్తాల్సిందే, రెండు పూటలా అయితే మరీ మంచిది. దీనికో కారణం ఉంది. ఏలికపాముల గుడ్లు పెంటలో బయటికొచ్చిన వెంటనే ప్రమాదం కాదు, అంటుకునే స్థితికి రావడానికి వాటికి రెండు మూడు వారాలు పడుతుంది, కొంకి పురుగులకి దాదాపు వారం. ఈలోపే ఎత్తేస్తే మట్టిలోకి చేరేది చాలా తక్కువ. అదే వదిలేస్తే ఏలికపాముల గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి ఉంటాయి. ఆరో నెల దాకా నెలకోసారి నట్టల మందు, తర్వాత మూడు నెలలకోసారి మీ డాక్టర్ చెప్పినట్టు వేయించండి.

ఎత్తినదాన్ని ఆవు పేడలా ఎరువనుకుని కూరగాయ మొక్కలకి వేయకండి. కుక్క తిండి వేరు, దాని పెంటలో ఉండే పురుగులు వేరు. గొయ్యి తవ్వి మూత పెట్టుకోమని వేరే ఊరి వాళ్లకైతే చెప్తాను, మీ వైపు వానాకాలంలో కొంచెం తవ్వితే నీళ్లొచ్చేస్తాయి కాబట్టి వద్దు. రాళ్లూ, కవరూ లేకుండా టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేసేయడం మీకు అన్నిటికంటే తేలిక.

సాయంత్రం ఒక బకెట్ మామూలు నీళ్లు పోయండి, చాలు. ఫినాయిల్ వద్దు, దాని ఘాటు మనకి శుభ్రంగా అనిపిస్తుందేమో గానీ కుక్క పాదాలు మండుతాయి, ఆ పాదాలే అది నాకుతుంది. బ్లీచింగ్ పౌడర్ కూడా చల్లకండి, ఉచ్చలోంచి వచ్చే అమ్మోనియాతో కలిస్తే ఊపిరాడని గ్యాస్ వస్తుంది.

ప్రశ్న: వరంగల్ నుంచి రాస్తున్నాను. మా కుక్కకి ఆరేళ్లు, మగది, వీధిలోంచి తెచ్చి పెంచుకున్నాం. రోజూ రోడ్డు మీదికి తీసుకెళ్తేనే పోస్తుంది. నాకు మోకాళ్ల ఆపరేషన్ ఉంది, ఇంట్లో ఇంకెవరూ దాన్ని తిప్పలేరు. పెరట్లో చోటు చేశాం గానీ రెండు గంటలు కూర్చోబెట్టినా ఒక్క చుక్క పోయదు. ఎంతసేపు అలా ఉంచొచ్చు?

జవాబు: అలా పందెం కట్టినట్టు ఉంచకండి, గెలిచేది అదే. పెద్ద కుక్క చాలాసేపు ఆపుకోగలదు, అదే పనిగా ఆపుకుంటే దాని ఆరోగ్యానికి మంచిది కాదు. ఆపరేషన్‌కి ఇంకా టైమ్ ఉంటే ఇప్పుడే మొదలుపెట్టండి, తర్వాత హడావిడి పడే పని ఉండదు.

మగ కుక్కకి కాలెత్తడానికి ఏదో ఒకటి నిలువుగా ఉండాలి. మీరు చదునుగా చోటు చేసి దాన్ని పొయ్యమంటే అది ఎక్కడని పోస్తుంది? మధ్యలో ఒక గుంజ పాతండి, పాత దూలం ముక్క అయినా సరే, లేకపోతే పెద్ద రాయి. రోజూ అది ఏ కరెంటు స్తంభం దగ్గర ఆగుతుందో మీకు తెలిసే ఉంటుంది, అక్కడి మట్టి రెండు గుప్పెళ్లు కవర్లో తెచ్చి ఆ గుంజ మొదట్లో వేయండి. టీకాలన్నీ సరిగ్గా పడి ఉంటేనే ఈ పని చేయండి, వీధి మట్టిలో పార్వో లాంటి వైరస్‌లు నెలల తరబడి ఉంటాయి, ఇంట్లో కుక్కపిల్లలు ఉంటే అసలే వద్దు.

తర్వాత, తెల్లవారుజామున, రాత్రంతా ఆపుకుని ఉన్నప్పుడు, రోడ్డుకి తీసుకెళ్లేటప్పుడు వేసే లీషే వేసి ముందు ఆ గుంజ చుట్టూ తిప్పండి. ఐదు పది నిమిషాలు. పోయకపోతే తిట్టకుండా రోడ్డుకే తీసుకెళ్లండి, కానీ రెండు మూడు స్తంభాల తర్వాత, ఇంకా కాస్త మిగిలి ఉండగానే వెనక్కి తెచ్చి మళ్లీ గుంజ దగ్గర ఆగండి. ఎక్కువ కుక్కలు ఈ రెండో విడతలోనే దారికొస్తాయి. ఒక్కసారి అక్కడ దాని వాసన పడిందంటే రేపు మళ్లీ చూసుకోవడానికైనా వెళ్తుంది.

ఒకటి మాత్రం అడుగుతాను. పెరట్లో అలవాటైంది కదా అని, మీ మోకాళ్లు బాగయ్యాక దాని షికారు మానేయకండి. రోడ్డు మీద అది పోసుకోవడానికి మాత్రమే వెళ్లట్లేదు, ఆ వీధి వార్తలన్నీ చదువుకుంటుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటాం. మా స్పిట్జ్‌కి వెనకాల చిప్స్ పోసి చోటు చేశాం, ఎండాకాలమంతా బాగానే వెళ్లింది. వానలు మొదలయ్యాయో లేదో గుమ్మం దాటట్లేదు. పైన రేకు కూడా వేయించాం. అయినా డోర్ మ్యాట్ మీదే పోస్తోంది. ఏంటి దీని టెన్షన్?

జవాబు: ఆ రేకే కావచ్చు. రేకు మీద వాన పడితే మనకే మాట వినపడదు, దాని చెవులకి ఎలా ఉంటుందో చూడండి. రేకు మీద పాత గోనె సంచులో, తాటాకులో పరిచి కట్టండి, మోత చాలా తగ్గుతుంది. రెండోది దారి. చోటు పొడిగా ఉన్నా గుమ్మం నుంచి అక్కడిదాకా నీళ్లు నిలిస్తే స్పిట్జ్ అడుగు పెట్టదు, ఒళ్లంతా బొచ్చు, పొట్ట కింద తడి దానికి అస్సలు నచ్చదు. నాలుగు నాపరాళ్లు పరిచి దారి చేయండి. గొడుగు పట్టుకుని మీరు ముందు నడవండి. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనీండి. డోర్ మ్యాట్ కొన్నాళ్లు తీసి లోపల పెట్టేయండి, అది ఉన్నంతకాలం దానికి ఇంకో చోటు అక్కర్లేదు.

వానల్లో నేను ఎక్కువ భయపడేది మాత్రం ఎలుకలకి. ఎలుకల ఉచ్చ కలిసిన నీళ్లు నిలిచిన చోట లెప్టోస్పైరోసిస్ వస్తుంది, కుక్కకీ వస్తుంది, దాని ఉచ్చ ద్వారా మనకీ వస్తుంది. ఏటా వేయించే టీకాలో అది ఉందో లేదో కార్డు తీసి చూడండి. చిప్స్ కింద నీళ్లు నిలుస్తుంటే ఒకసారి ఎత్తించి అడుగున కంకర వేయించుకోండి. పక్కన గడ్డి పెరిగితే కోయించేయండి, గోమార్లు అక్కడే పొంచి ఉంటాయి. శుభ్రం చేశాక సబ్బుతో చేతులు కడుక్కోవడం, కాలికి పుండు ఉంటే బూట్లు లేకుండా అందులోకి దిగకపోవడం, ఈ రెండూ ఇంట్లో పనిచేసే అమ్మాయికి కూడా చెప్పండి, ఆమెకి ఒక జత గ్లవ్స్, బూట్లు మీరే కొనివ్వండి.

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటాం. బ్యాక్‌యార్డ్ అంతా బెర్ముడా గ్రాస్. మా ఆడకుక్క కూర్చున్న చోటల్లా పసుపు మచ్చలు. టమాటా రసం తాగిస్తే ఉచ్చలో యాసిడ్ తగ్గుతుందని ఫ్రెండ్స్ చెప్పారు. నిజమేనా?

జవాబు: తాగించకండి. గడ్డిని మాడ్చేది యాసిడ్ కాదు, ఉచ్చలో ఉండే నైట్రోజన్, ఉప్పు. ఒకేచోట యూరియా గుమ్మరించినట్టు. అందుకే మచ్చ మధ్యలో మాడి, అంచున మాత్రం పచ్చగా ఏపుగా ఉంటుంది, గమనించే ఉంటారు. ఆడకుక్క కూర్చుని మొత్తం ఒకేచోట పోస్తుంది కాబట్టి మచ్చలు దానివే ఎక్కువ. పోసిన వెంటనే అక్కడ ఒక మగ్గు నీళ్లు పోస్తే సరిపోతుంది, మర్నాడు పోస్తే పనికిరాదు. రోజూ మగ్గు పట్టుకుని దాని వెనకాల తిరగలేం అంటారా, ఫెన్స్ పక్కన ఒక మూల పీ గ్రావెల్ (బఠాణీ గింజంత గుండ్రటి రాళ్లు) పోసి పైన చెప్పినట్టు లీష్‌తో అలవాటు చేయండి. పాత మచ్చలకి పెద్దగా ఏమీ చేయక్కర్లేదు. మీ బెర్ముడా గ్రాస్ అంటే మన వినాయక చవితి గరికే, బాగా తడిపి వదిలేస్తే వేసవిలో పక్కనుంచి తీగలు పాకి అదే పూడ్చుకుంటుంది.