వైరస్ ఉందన్నారు, మందు రాయకపోగా ఉన్న మందే తగ్గించారు!

ప్రశ్న: మా ఆయన వయసు 41. ఐదు నెలల కిందట కిడ్నీ మార్పిడి జరిగింది, కిడ్నీ మా అత్తగారే ఇచ్చారు. మొన్న రక్తపరీక్షలో బీకే వైరస్ 24,000 అని వచ్చింది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎప్పటిలాగే 1.3 ఉంది, జ్వరం లేదు, మనిషి బాగానే తిరుగుతున్నారు. డాక్టరు గారు వైరస్‌కి మందేమీ రాయలేదు, పైగా కిడ్నీ రిజెక్ట్ కాకుండా వాడే మైకోఫినోలేట్ సగానికి తగ్గించారు. ఒక్క పూట మానినా కిడ్నీ రిజెక్ట్ అవుతుందని ఇన్నాళ్లూ చెప్పింది వాళ్లే కదా! మాకు తెలిసినాయనకి మార్పిడి తర్వాత వైరస్ వస్తే మాత్రలు ఇచ్చారట. తన కిడ్నీతోనే వచ్చిందేమోనని అత్తగారు కుమిలిపోతున్నారు. పిల్లలకి అంటుకుంటుందా?

జవాబు: అమ్మా, మీ డాక్టరు మందు రాయడం మర్చిపోలేదు. ఆ తగ్గించడమే వైద్యం.

బీకే వైరస్‌ని 1971లో కిడ్నీ మార్పిడి అయిన ఒకాయన మూత్రంలో తొలిసారి కనుక్కున్నారు, ఆయన పేరులోని పొడి అక్షరాలే దానికి పేరుగా ఉండిపోయాయి. మనలో చాలామందికి ఇది చిన్నప్పుడే వచ్చేస్తుంది, వచ్చినట్టు కూడా తెలియదు, ఆ తర్వాత కిడ్నీల్లో, మూత్రనాళాల్లో నక్కి ఉంటుంది. ఒంట్లో రక్షణ కణాలు కాపలా కాస్తున్నంతకాలం కదలదు. కానీ మార్పిడి అయ్యాక కొత్త కిడ్నీ మీద పడకుండా ఆ కాపలావాళ్లని మనమే మాత్రలతో జోకొడతాం, అదే అదనుగా ఇది లేస్తుంది. దీన్ని చంపే నమ్మకమైన మందు ఇప్పటికైతే లేదు. కాపలావాళ్లని కొంచెం తట్టి లేపాలి, అదీ కిడ్నీ జోలికి వెళ్లనంత మేరకే. అందుకే రిజెక్షన్ రాకుండా ఇచ్చే మూడు మందుల్లో ఒకదాన్ని, అదీ సగానికే తగ్గించారు.

మీకు తెలిసినాయనకి వచ్చింది బహుశా సీఎంవీ (సైటోమెగలోవైరస్) అనే ఇంకో వైరస్ అయ్యుంటుంది. దానికి వాల్‌గాన్‌సైక్లోవిర్ అనే మంచి మాత్ర ఉంది, రాకుండా ఉండటానికి కూడా మార్పిడి తర్వాత చాలామందికి మూడు నుంచి ఆరు నెలలు ఇస్తారు. ఆ మాత్ర బీకే మీద పనిచేయదు. మీ ఆయన కూడా అది వాడుతుంటే, ఆపేశాక వచ్చే కొన్ని నెలలు కాస్త కనిపెట్టుకుని ఉండండి, జ్వరం, వదలని నీరసం, విరేచనాలు, తెల్లరక్తకణాలు పడిపోవడం లాంటివి కనిపిస్తే సీఎంవీ పరీక్ష అడగండి.

బీకేతో చిక్కేమిటంటే అది చప్పుడు చేయదు. జ్వరం రాదు, నొప్పి ఉండదు, మూత్రం మామూలుగానే వస్తుంది, క్రియాటినిన్ పెరిగేసరికే కిడ్నీలో కొంత నష్టం జరిగిపోయి ఉంటుంది. అందుకే బాగున్నా సరే మొదటి నెలల్లో నెలనెలా పీసీఆర్ (రక్తంలో వైరస్ ఎంతుందో లెక్కగట్టే పరీక్ష) చేస్తారు. మీ ఆయనకి క్రియాటినిన్ కదలకముందే దొరికింది, ఇది నిజంగా మంచి విషయం. ఒకవేళ రేపు క్రియాటినిన్ పెరిగితే అది వైరస్ వల్లా, రిజెక్షన్ వల్లా అన్నది రక్తపరీక్ష చూసి తేల్చి చెప్పలేం. రెండింటి వైద్యమూ ఒకదానికొకటి ఎదురు, ఒకదానికి మందు తగ్గించాలి, ఇంకోదానికి పెంచాలి. అప్పుడు బయాప్సీ (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూడటం) చేద్దామంటే భయపడి వాయిదా వేయకండి, గుడ్డిగా వైద్యం చేయడం కంటే అదే నయం.

పీసీఆర్ అంకె చూసి రోజూ గుండెలు బాదుకోకండి. 24,000 కాస్తా వచ్చేసారి 30,000 అయితే పెరిగినట్టు కాదు, ఈ పరీక్షలో ఆ మాత్రం తేడా మామూలే. మూడింతలు దాటి మారితేనే లెక్కలోకి తీసుకుంటాం. ల్యాబ్ మార్చొద్దు, ఒక ల్యాబ్ అంకెని ఇంకో ల్యాబ్ అంకెతో పోల్చలేం. తగ్గడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

అత్తగారికి నా మాటగా చెప్పండి. ఈ వైరస్ చాలాసార్లు ఇచ్చినవాళ్ల కిడ్నీతోనే వస్తుంది, అబద్ధం చెప్పను. కానీ ఇది లేని దాతని వెతకాలంటే దాదాపు ఎవరూ దొరకరు, ఆవిడ కాకపోతే ఇంకొకరి కిడ్నీలో ఉండేది. పిల్లల సంగతి అంటారా, కంచాలు, గ్లాసులు వేరు పెట్టక్కర్లేదు, చేతులు కడుక్కుంటే చాలు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నాను. మైకోఫినోలేట్ తగ్గించారు కదా అని, రిజెక్షన్ ఆపే ఇంకో మందు టాక్రోలిమస్‌నీ మీరే తగ్గించేయకండి. ఇమ్యూనిటీ పెంచుతాయనే పొడులూ కషాయాలూ ఇంట్లోకి రానివ్వొద్దు. జలుబుకి మందుల షాపులో క్లారిత్రోమైసిన్ తెచ్చి వేసుకుంటే రక్తంలో టాక్రోలిమస్ లెవెల్ అమాంతం పెరుగుతుంది, ఒళ్లు నొప్పులకి డైక్లోఫెనాక్ అయితే నేరుగా కిడ్నీనే దెబ్బతీస్తుంది. విరేచనాలు పట్టుకున్నా లెవెల్ పెరగొచ్చు, ఫోన్ చేసి చెప్పండి.

ఇంకోటి, చాలామంది చేసే పొరపాటు. టాక్రోలిమస్ లెవెల్‌కి రక్తం ఇచ్చే రోజు అలవాటుగా ఉదయం మాత్ర వేసుకుని వెళ్తారు, లెవెల్ ఎక్కువగా వస్తుంది, అది చూసి డోసు తగ్గిస్తారు. ఇప్పుడు ఒక మందు ఇప్పటికే తగ్గించి ఉన్నారు కాబట్టి ఆ పొరపాటు అస్సలు జరగకూడదు. ఆ రోజు మాత్ర జేబులో పెట్టుకుని వెళ్లి, రక్తం ఇచ్చాక ల్యాబ్ బయట వేసుకోమనండి.