మిషన్లు నావి, పేరు ఆయనది.. ఆ మూడు శాతం మాకొస్తదా?

ప్రశ్న: అక్కా నమస్తే. చర్లపల్లి దగ్గర మాది చిన్న కుట్టు యూనిట్, ఆరు మిషన్లు, నాతోటి ఏడుగురం ఆడోళ్లమే. స్కూల్ డ్రెస్సులు, సెక్యూరిటీ వాళ్ల షర్టులు కుడ్తం. సర్కారు ఆఫీసులు కొనేదాంట్ల మూడు శాతం ఆడోళ్ల దగ్గర్నే కొనాలంట గదా, నిజమేనా? చిన్న యూనిట్లకి కేంద్రం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ మా ఆయన పేరు మీదుంది, ఆయనకి వేరే జాబ్, పని మొత్తం నేనే చూస్త. మాకు పనికొస్తదా?
– ఓ చెల్లెలు, చర్లపల్లి

జవాబు: నిజమే చెల్లీ, కానీ నీకు చెప్పినవాళ్లు సగమే చెప్పారు. చిన్న యూనిట్ల దగ్గర ఇంత కొనాలి అని కేంద్రం 2012లో పాలసీ తెచ్చింది, మొదట 20 శాతం, 2019 ఏప్రిల్ నుంచి 25 శాతం చేశారు, అందులోనే ఆడవాళ్ల యూనిట్లకి 3 శాతం, ఎస్సీ ఎస్టీ వాళ్లకి 4 శాతం. ఇది కేంద్ర శాఖలకి, కేంద్ర ప్రభుత్వ కంపెనీలకి. అంటే రైల్వే, బీహెచ్ఈఎల్, మిధాని, మీ పక్కనే ఉన్న ఈసీఐఎల్ లాంటివి. ఆ మూడు శాతం కూడా ఏడాది మొత్తం కొనుగోళ్ల మీద లెక్క, ప్రతి టెండర్లో నీకోసం పక్కన తీసిపెట్టరు.

ఇక అసలు సంగతి. ఆయన పేరు మీదుంటే అది ఆడవాళ్ల యూనిట్ కాదు, నువ్వు రాత్రి పదకొండు దాకా కాజాలు కుట్టినా సరే. ఒక్కరే ఓనర్ అయితే ఆ ఓనర్ ఆడమనిషి అయి ఉండాలి, పార్ట్‌నర్‌షిప్ అయితే 51 శాతం ఆడవాళ్లది ఉండాలి. ఆయన పాన్ మీదున్నదాన్ని నీ పేరుకి తిప్పడం కుదరదు, నీ ఆధార్, నీ పాన్‌తో కొత్తది చేయించుకో, రూపాయి ఖర్చు లేదు (జిరాక్స్ షాపువాడు రెండు వేలు అడిగితే నవ్వి వచ్చెయ్). దీనికి ఉల్టా కేసులు కూడా చూశా, పేరు భార్యది, సంతకం భార్యది, చెక్‌బుక్ మాత్రం ఆయన జేబులో. నువ్వు మాత్రం కరెంట్ అకౌంట్ నీ పేరు మీదే తెరువు, ఫోన్ నంబరూ నీదే ఇవ్వు.

ఉద్యం ఉంటే ఈఎండీ, అంటే టెండర్ వేసేటప్పుడు కట్టే డిపాజిట్, కట్టక్కర్లేదు, టెండర్ ఫారాలు ఫ్రీ. ఇంకోటుంది, అదే మెయిన్. పెద్ద కంపెనీ ఎవరో షర్టు 400కి తక్కువ రేటు వేశారనుకో, నువ్వు 460 లోపు వేసుంటే, అంటే 15 శాతం తేడా లోపు, నిన్ను పిలిచి ఆ 400కి ఇస్తావా అని అడుగుతారు, సరే అంటే ఆర్డర్లో కొంత భాగం నీకిస్తారు. వినడానికి బానే ఉంది. కానీ 400కి గిట్టుబాటు అవుతుందా? గుడ్డ, గుండీలు, దారం, కుట్టుకూలి, కరెంటు, ఇస్త్రీ, కవర్, పైగా కాలర్ వంకరగా వచ్చిందని వెనక్కొచ్చే పీసులు, అన్నీ రాసుకుని అప్పుడు తలూపు. బేగంబజార్లో రెడీమేడ్ కొని ఇచ్చేద్దాం అనుకోకు, కొని అమ్మేవాళ్లకి ఈ పాలసీ లేదు, నువ్వు కుట్టిందే ఇవ్వాలి.

డబ్బుల సంగతీ చెప్పాలి. నేనూ ఒకప్పుడు ఓ ఆఫీసుకి ఫైల్ కవర్లు సప్లై చేసి బిల్లు కోసం నాలుగు నెలలు తిరిగా, పోయినప్పుడల్లా టీ ఇచ్చేవాళ్లు, చెక్ ఇచ్చేవాళ్లు కాదు. చిన్న యూనిట్ల కోసం తెచ్చిన 2006 చట్టం ప్రకారం బిల్లు ఇవ్వడం 45 రోజులు దాటకూడదు, దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడింతలు చక్రవడ్డీ. ఇలాంటి బాకీల కోసం కేంద్రం పెట్టిన ఆన్‌లైన్ పోర్టల్లో కంప్లయింట్ పెట్టొచ్చు, కానీ ఆర్డర్ తీసుకునేముందే ఉద్యం ఉండాలి. అయినా చట్టం వడ్డీ ఇప్పిస్తుందేమో గానీ శనివారం ఆరుగురికి కూలి నువ్వే ఇవ్వాలి కదా. అందుకే మొదటి ఆర్డర్ రెండు నెలలు డబ్బు రాకపోయినా తట్టుకునేంతే తీసుకో.

ఒక్కదానివే తిరగక్కర్లేదు. వ్యాపారం చేసే ఆడవాళ్లకి సాయం కోసం 2018లో మన రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన వీ-హబ్ ఉంది, 1993 నుంచి నడుస్తున్న ఆడ పారిశ్రామికవేత్తల సంఘం అలీప్ ఉంది, గాజులరామారంలో ఆడవాళ్ల ఫ్యాక్టరీలతో ఒక ఎస్టేటే కట్టారు వాళ్లు. ఒక పూట వెళ్లి కూర్చుని అడుగు. సర్కారు ఆఫీసులు ఆన్‌లైన్లో సరుకు కొనే జెమ్ పోర్టల్లో కూడా 2019 నుంచి ఆడవాళ్ల సరుకు కోసం వుమనియా అని విడిగా పెట్టారు, అందులో నీ షర్టు ఫోటోలు ఎలా పెట్టాలో అకౌంట్ తెరిచాక మళ్లీ రాయి, అప్పుడు చెప్తా.