తెరచాప పడవను లారీ ఎక్కించే ముందు

ప్రశ్న: మా అబ్బాయి హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాడు. వాడి కోసం విశాఖపట్నంలో 22 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు ఉన్న పాత ఫైబర్ పడవ కొన్నాము. అడుగున ఇనుప కీల్ (నీళ్లలో పడవ ఒరగకుండా నిలిపే బరువైన రెక్క) ఉంది. మరమ్మతు చేసుకోవడానికి దాన్ని హనుమకొండలోని మా ఇంటికి తెప్పించాలి. లారీ ఆయన ‘పత్తి బేళ్లు కట్టినట్టు బిగించి కట్టేస్తాం, భయం లేదు’ అంటున్నాడు. పడవను ఎలా సిద్ధం చేయించాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందుగా ఆ ‘బిగించి కట్టడం’ గురించే చెప్పాలి. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి లోడు తోలే డ్రైవర్ల పనితనం మీద నాకు గౌరవం ఉంది. కానీ తాడు కింద పత్తి అణుగుతుంది, అణిగినకొద్దీ లోడు గట్టిపడుతుంది. ఫైబర్ అణగదు, పగులుతుంది. నీళ్లలో ఉన్నప్పుడు పడవ బరువును నీరు అడుగంతటా పంచుకుని మోస్తుంది, లారీ మీద మాత్రం అదే బరువు నాలుగైదు చోట్లకే చేరుతుంది. ఆ చోట్లు ఎక్కడ ఉండాలన్నదే ఈ పనిలో అసలు సంగతి.

పడవ బరువు మొత్తం కీల్ మీదే నిలబడాలి. కీల్ కింద పొడవునా మందపాటి కొయ్య దుంగలు పరిపించండి. పక్కల పెట్టే ఆనులు పడవ ఒరగకుండా పట్టుకోవడానికే గాని బరువు మోయడానికి కావు. ఆ ఆనులు కూడా పడవ లోపల అడ్డగోడలు ఉన్న చోటనే తగలాలి. వాటిని కనుక్కోవడం కష్టమేమీ కాదు: వేలి కణుపుతో పడవ పక్కను ముందు నుంచి వెనక్కి తట్టుకుంటూ వెళితే, డొల్లగా మోగుతున్న శబ్దం ఒకచోట మొద్దుబారుతుంది. అక్కడ గోడ ఉన్నట్టు. అక్కడ రంగు టేపు అంటించి, ఆనులకు పాత జంపఖానా ముక్కలు మడతపెట్టి చుట్టించండి. బెల్టులు కూడా ఆ గుర్తుల మీదుగానే వేసి, చేత్తో లాగితే కదలనంత వరకే బిగించాలి. అణియం (పడవ ముందు భాగం) వైపు రెండు, వెనక వైపు రెండు బెల్టులు ఏటవాలుగా కడితే బ్రేకు వేసినప్పుడు పడవ జారదు. పడవ అంచున ఉండే స్టీలు కడ్డీలకు మాత్రం ఏదీ కట్టనివ్వకండి. బయలుదేరిన 30 కిలోమీటర్లకు ఒకసారి, ఆ తరువాత ఆగిన ప్రతిచోటా బెల్టులు చూడమని డ్రైవర్‌కు ముందే చెప్పండి, ఎందుకంటే కుదుపులకు పడవ సర్దుకున్నాక అవి వదులవుతాయి.

ఎత్తు కొలవకుండా లారీ మాట్లాడుకోవద్దు. మామూలు లారీ తొట్టి నేల నుంచి నాలుగున్నర అడుగులు, దుంగలు అర అడుగు, మీ పడవ కీల్ నుంచి క్యాబిన్ పైకప్పు దాకా 8 అడుగులనుకుంటే మొత్తం 13 అడుగులు అవుతుంది. వెడల్పు 8 అడుగులంటే 2.44 మీటర్లు, చట్టం అనుమతించే 2.6 మీటర్లకు లోపలే గాని, మామూలు లారీ పక్క పలకల మధ్య పట్టడం కష్టం. అందువల్ల పొక్లెయిన్లను మోసే లోబెడ్ ట్రైలర్ మాట్లాడుకోవడమే మేలని నా అభిప్రాయం. ఖర్చు పెరిగినా ఎత్తు తగ్గుతుంది. పైన తగలకుండా వరంగల్ స్టేషన్ దగ్గరి అండర్ బ్రిడ్జి దారిని మాత్రం తప్పించండి.

తెరచాప కొయ్యను (పేరుకు కొయ్యే గాని అది అల్యూమినియం స్తంభం) దించే ముందు దాన్ని పట్టి ఉంచే ప్రతి తీగకూ చీటీ కట్టి, బిగింపు మరలు ఎక్కడిదాకా తిరిగి ఉన్నాయో టేపుతో గుర్తుపెట్టి ఫొటోలు తీసుకోండి. దించాక తీగలను కొయ్యకు తగలకుండా గుడ్డతో వేరుగా చుట్టాలి, లేకపోతే దారి పొడవునా స్టీలు అల్యూమినియాన్ని కోస్తూనే ఉంటుంది. కొయ్యను మూడు చోట్ల మెత్తని ఆధారం మీద పడుకోబెట్టాలి. తెరచాపలు, చుక్కాని, బ్యాటరీ, ఇంజిను ఉంటే అది కూడా విప్పి వేరే బండిలో తేవాలి. నీళ్ల ట్యాంకులు ఖాళీ చేసి, అడుగున ఉన్న బిరడా తీసి ఉంచితే వాన పడినా నీరు నిలవదు.

పడవ మీద టార్పాలిన్ కప్పుతామంటే ఒప్పుకోకండి. మూడేళ్ల కింద నేను చూసిన ఒక పడవకు టార్పాలిన్ మూల ఒకటి ఊడి, రాత్రంతా గాలికి కొట్టుకుంటూ వచ్చింది. తెల్లారి చూస్తే ఆ మూల తగిలిన చోట జానెడు మేర మెరుపు పోయి, గరుకు కాగితంతో రుద్దినట్టు తెల్లబడింది. అరచేత్తో తడిమితే ఆ గరుకు తెలిసింది. దుమ్ము పడితే కడుక్కోవచ్చు, పోయిన పూత తిరిగి వేయించడానికి మాత్రం చాలా శ్రమ పడాలి.

హైడ్రా క్రేన్‌తో ఎత్తేటప్పుడు ఒక పట్టీ కీల్‌కు ముందు, ఒకటి వెనక ఉండాలి. అవి జారిపోకుండా రెండింటినీ తాడుతో కలపాలి. దింపే చోటు మీద కరెంటు తీగలు ఉండకూడదు. మీ వీధిలో ఉంటే ముందే ఖాళీ స్థలం చూసుకోండి, తీగలున్న చోట అల్యూమినియం కొయ్యను ఎవరినీ నిలబెట్టనివ్వకండి. దింపాక దుంగలను, ఆనులను ట్రైలర్‌తో వెనక్కి పంపవద్దు, మరమ్మతు జరిగినన్నాళ్లూ పడవ వాటి మీదే నిలబడాలి.