మాంసం మానేస్తే సరిపోతుందా? మరి అన్నం సంగతి?

మాంసం మానేస్తే పర్యావరణానికి మేలంటున్నారు, మనం తిండిలో ఏం మార్చుకోవాలని అడిగారు. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు. మా అవ్వ కాలంలో వరి బువ్వ పండగలకే. మిగతా రోజులు కొర్రబువ్వ, జొన్నరొట్టె, రాగి సంగటి. ముంగారు (తొలకరి) వానకు కొర్ర విత్తితే ఆ వానలతోనే పండేది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఎంతోమంది ఆకలి తీర్చిన పథకం, దాన్ని తప్పుపట్టను. కానీ నోటికి అన్నం అలవాటయ్యాక చేను కూడా మారింది. నాయన రెండెకరాలు మడి కట్టి బోరు వేయించాడు. 150 అడుగులకే నీళ్లు పడ్డాయి. కొన్నేళ్లకు అది ఎండింది, రెండోదీ ఎండింది. మూడోది 600 అడుగులు దిగినా తెల్లదుమ్మే లేచింది. గట్టు మీది చింతచెట్టు పిండి చల్లినట్టయింది. ఆ రాత్రి నాయన కంచం ముందు కూర్చుని, ముద్ద ముట్టకుండానే లేచిపోయాడు.

కిలో వడ్లు పండాలంటే సుమారు 2,500 లీటర్ల నీళ్లు కావాలి. పైగా మడిలో నీళ్లు నిలిచి మట్టికి గాలి ఆడకపోతే అందులోని సూక్ష్మజీవులు మీథేన్ అనే వాయువును పుట్టిస్తాయి. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. నెమరువేసే పశువుల కడుపులోనూ పుట్టేది ఇదే. కాబట్టి మాంసం మాట నిజమే: కిలోకి కిలో చూస్తే కోడికూర కంటే మటన్ భారం చాలా ఎక్కువ. అయితే గేదె కూడా నెమరువేస్తుంది కదా! మేం శాకాహారులం అనేవాళ్లు పాలు, నెయ్యి కూడా లెక్కలో వేసుకోవాలి. వారానికోసారి మటన్, మూడుపూటలా అన్నం తింటూ వచ్చిన నాలాంటివాళ్లు ముందు అన్నం వైపు చూడాలని నా గట్టి నమ్మకం.

మేం అన్నం మానలేదు. మధ్యాహ్నం అదే. రాత్రికి జొన్నరొట్టె, వారానికి రెండుసార్లు కొర్రబువ్వ, మటన్ నెలకోసారి. కొర్రలు మాత్రం నాలుగైదు గంటలు నానబెట్టండి. లేకపోతే పలుకుగా ఉండి పిల్లలు పక్కకు నెట్టేస్తారు, మా ఇంట్లో మొదటి వారం అదే జరిగింది. వరి తప్పని చోట మడిని మధ్యమధ్య ఆరబెట్టి నీళ్లు పెడితే నీళ్లూ మిగులుతాయి, మీథేనూ బాగా తగ్గుతుంది.

పోయిన ముంగారులో ఆ మడిగట్లు చదును చేసి మళ్లీ కొర్ర విత్తాం. మోటారు వేయకుండానే మూడు నెలలకు కోతకొచ్చింది.