పర్యావరణ చట్టాల లాయర్ పని నిజంగా ఎలా ఉంటుంది? ఆ లైన్ ఎంచుకోవచ్చా?

డబ్బు సంగతి ముందే చెప్పేస్తాను. కంపెనీల తరఫున చేస్తే బాగానే వస్తుంది. ఊళ్ల తరఫున చేస్తే ఫీజు పంట చేతికొచ్చాక వస్తుంది, ఒక్కోసారి మిరపకాయల బస్తాగా కూడా వస్తుంది.

ఇక పని. కోర్టులో వాదించడమే పని అనుకుంటారు చాలామంది. నన్నడిగితే సగానికి పైగా కేసులు, ప్రాజెక్టుకి పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు ఊళ్లో జరిపే ప్రజాభిప్రాయ సేకరణ రోజున, షామియానా కిందే తేలిపోతాయి.

కొన్నేళ్ల క్రితం పల్నాడు వైపు ఒక ఊళ్లో క్వారీ విస్తరణ మీద సభ పెట్టారు. 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన రావాలి. వచ్చింది, ఏ మూల వేశారో మాత్రం అడక్కండి. కంపెనీ ఇచ్చిన ప్రభావ అంచనా నివేదికలో దగ్గర్లో నీటి వనరులేవీ లేవని రాశారు. సభకు ముందు రోజు ఒక రైతు నన్ను బండి మీద ఎక్కించుకుని వెళ్లి ఆ 'లేని' కుంట చూపించాడు. తూము షట్టరుకి రాసిన గ్రీజు ఇంకా ఆరలేదు, కింద మడుల్లో నీళ్లు పారుతున్నాయి.

సభలో ముందు వరుసల నిండా ఊరితో సంబంధం లేని కుర్రాళ్లు, చప్పట్లు కొట్టడానికి. రైతు కుంట గురించి చెప్పాడు. ఒక పెద్దామె మైకు తీసుకుని, కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీద క్రషర్ దుమ్ము పడుతోందని, యార్డులో రేటు తెగ్గోస్తున్నారని చెప్పింది. ఇంతలో బిర్యానీ పొట్లాల ఆటో వచ్చింది. అధ్యక్షత వహించిన అధికారి కుర్చీలోంచి లేవబోయారు. సభ సారాంశాన్ని జనానికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలని నోటిఫికేషన్‌లోనే ఉంది. ఆ పేజీ తీసి ఆయన ముందు పెట్టాను. విసుక్కుంటూనే చదివించారు. కుంట ఊసే లేదు. పెద్దామె పేరు పక్కన 'ఉపాధి కల్పించాలని కోరారు' అని ఉంది!

"నేను పని అడిగానా అయ్యా? దుమ్ము సంగతి గదా చెప్పింది" అని ఆమె నిలదీసింది. కాసేపు గోల. చివరికి రెండూ చేతిరాతతో చేర్చాకే సంతకం పడింది. తర్వాత అనుమతిలో కుంట వైపు తవ్వకూడదని షరతు పెట్టారు. అది ఆ చేతిరాత వల్లేనని నేను ఎవరితోనైనా పందెం కాస్తాను.

ఇవేవీ లా కాలేజీలో చెప్పరు. పరీక్షలో అందరూ 1999 నాటి ఎం.వి. నాయుడు కేసు రాస్తారు: హైదరాబాద్ హిమాయత్‌సాగర్ దగ్గర నూనె ఫ్యాక్టరీ, ముందుజాగ్రత్త సూత్రం (హాని పూర్తిగా రుజువయ్యేదాకా ఆగకుండా ముందే అడ్డుకోవాలన్నది), పది మార్కులు. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర కట్టడి పెట్టిన 1996 నాటి 111 జీవో చదివినవాళ్లు క్లాసుకి ఒక్కరుండరు. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ 69 జీవో వచ్చినప్పుడు రియల్ ఎస్టేట్ బ్రోకర్లు చదివినంత శ్రద్ధగా లాయర్లు చదవలేదు.

అసలు టెన్షన్ గడువుతో. అనుమతి మీద హరిత ట్రైబ్యునల్‌కి, అంటే మనకి చెన్నై బెంచ్‌కి, 30 రోజుల్లో అప్పీలు వేయాలి. సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు. అది దాటితే మన్నించే అధికారం ట్రైబ్యునల్‌కే లేదు. జనమేమో బ్లాస్టింగ్‌కి గోడలు బీటలిచ్చాక వస్తారు. అప్పుడిక షరతులు ఎక్కడ తప్పారో ఫైళ్లలో వెతుక్కోవాలి, ఆరు నెలలకోసారి కంపెనీ ఇవ్వాల్సిన నివేదికలు తవ్వితీయాలి.

అయినా వస్తానంటారా, సీనియర్ ఛాంబర్‌లో చేరేముందు ఎవరైనా సర్వేయర్ వెంట తిరిగి ఎఫ్ఎంబీ (పొలాల కొలతలు, హద్దులు గీసి ఉండే సర్వే పుస్తకం) చదవడం నేర్చుకోండి.