వెళ్తాను: రోజూనా, రేపా?

సందేహం: నేను ఇంగ్లీషు బోధించే ఉపాధ్యాయుణ్ణి. ‘రోజూ బడికి వెళ్తాను’, ‘రేపు బడికి వెళ్తాను’ అన్న వాక్యాలకు ఇంగ్లీషులో సింపుల్ ప్రెజెంట్, సింపుల్ ఫ్యూచర్ అని వేర్వేరు రూపాలుండగా తెలుగులో ఒకటే ఉన్నది. పిల్లలు తికమకపడుతున్నారు. ఇది మన భాషలోని లోపమా?

సమాధానం: లోపమని నేను ఒప్పుకోను. చిన్నయసూరి బాలవ్యాకరణంలో భూత భవిష్యద్వర్తమానాల సరసన తద్ధర్మాన్ని కూడా నిలిపాడు. అలవాటును, స్వభావాన్ని, ఎల్లకాలపు సత్యాన్ని చెప్పేది తద్ధర్మం. ఇంగ్లీషువారి సింపుల్ ప్రెజెంట్ పేరుకే వర్తమానం, చేసే పని చాలావరకు ఇదే. ‘సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు’ అంటే ఇప్పుడే ఉదయిస్తున్నాడని ఎవరూ అనుకోరు గదా.

కాలం ముద్ర లేని క్రియ ఎంత బరువు మోయగలదో చూడాలంటే పోతన దగ్గరకే వెళ్ళాలి. ‘పలికెడిది భాగవతమట’ అన్నాడు. పలికెడిది అంటే నేటి మాటలో పలికేది. ఇప్పుడు పలుకుతున్నదీ అదే, ఇకముందు పలకబోయేదీ అదే. ‘నే పలికిన’ అన్నది చూపుకు భూతకాలంలా ఉన్నా అర్థానికి ‘పలికితే’. ‘భవహరమగునట’లోని అగును ఏ ఒక్కనాటికీ కట్టుబడదు, ఎప్పుడు పలికినా ఫలం అంతే. చివరి ‘పలికెద’ భవిష్యత్తే అయినా అందులో వినిపించేది కాలం కన్నా సంకల్పం. ఇంగ్లీషు ‘విల్’కు కూడా మొదటి అర్థం కోరికే కాబట్టి, అది నిజంగా భవిష్యత్కాలమేనా అని అక్కడి వ్యాకర్తలే వాదించుకుంటూ ఉంటారు. నాలుగు పాదాల కందంలో ఇన్ని క్రియారూపాలను ఇంత అనాయాసంగా నడిపిన కవి ఇంకొకడు నాకు కనిపించడు.

వర్తమానంలో చిక్కు లేదు: వచ్చుచు, ఉన్నాడు కలిసి వస్తున్నాడు అయింది. గతంలోని అలవాటుకు ‘వచ్చేవాడు’ ఉండనే ఉన్నది.

నన్ను బాధించేది వేరు. టీవీ వంటల కార్యక్రమాల్లో ‘ఇప్పుడు ఉల్లిపాయలు వేయబోతున్నాం, తరవాత ఉప్పు కలపబోతున్నాం’ అంటారు. ‘వేస్తాం, కలుపుతాం’ అంటే చాలదా? ‘వాన రాబోతున్నది’ వంటి చోట సొగసుగా ఉండే ప్రయోగాన్ని ఇంగ్లీషు ‘గోయింగ్ టు’కు బదులుగా ప్రతి క్రియకూ తగిలించడం విసుగు పుట్టిస్తున్నది.

మీ తరగతిలో ముందుగా ‘రోజూ’, ‘రేపు’ వంటి మాటలను వెతికించండి; అనువాదం తరవాత. అవి లేనిచోట, ‘నేను కాఫీ తాగను’ వంటి వాక్యం అలవాటును చెబుతున్నదో, ఈ పూటకు వద్దంటున్నదో సందర్భాన్ని బట్టే తేలాలి. రెండు అనువాదాలనూ ఒప్పుగానే దిద్దడం మేలని నాకు తోస్తున్నది.