సర్టిఫికెట్ సరే, కడ్డీ సంగతి?

ప్రశ్న: బాలానగర్‌లో మాకు చిన్న మెషినింగ్ షాపు ఉంది. విమాన విడిభాగాలకు జాబ్‌వర్క్ చేస్తాము. స్టాకిస్టు దగ్గర కొనే 7075 రకం అల్యూమినియం కడ్డీలతో వచ్చే మిల్లు టెస్ట్ సర్టిఫికెట్‌ను (తయారీ మిల్లు ఇచ్చే పరీక్షా ఫలితాల పత్రం) ఫైలులో పెడుతున్నాము. మొన్నటి ఏఎస్ 9100 (విమాన రంగపు నాణ్యతా ప్రమాణం) ఆడిట్‌లో అది చాలదని నాన్‌కన్ఫార్మిటీ, అంటే ప్రమాణానికి తగ్గట్టు లేదని, రాశారు. ఇకపై ప్రతి కడ్డీనీ ల్యాబ్‌కు పంపాలా?

జవాబు: పంపనక్కర్లేదు. అయితే ఆడిటరు రాసింది సబబే. ఆ ప్రమాణపు 2016 నాటి డి రివిజన్‌లోని 8.4.2 క్లాజు రెండు వేర్వేరు పనులు అడుగుతుంది. సరఫరాదారు రిపోర్టును నమ్మి సరుకు దించుకునేటప్పుడు, అందులోని అంకెలు మీ డ్రాయింగుకూ కొనుగోలు ఆర్డరుకూ సరిపోయాయా అని చూసే పద్ధతి మొదటిది. ఆ ముడిసరుకును మీరు గానీ మీ కస్టమరు గానీ ముఖ్యమైన రిస్కుగా గుర్తించి ఉంటే, అసలు ఆ రిపోర్టే నిజమా అని తేల్చుకునే పద్ధతి రెండవది. ఫైలులో పెట్టడం ఈ రెండింటిలో ఏదీ కాదు.

మొదటి పనికి పావుగంట చాలు: కడ్డీ మీది హీట్ నంబరు (ఒకే విడత కరిగించిన లోహానికి ఇచ్చే నంబరు), సర్టిఫికెట్‌లోని నంబరు ఒకటేనా, రసాయన మిశ్రమం, టెన్సైల్ (లాగి చూసే బలం) ఫలితాలు హద్దుల్లో ఉన్నాయా చూసి, చూసినవారు సంతకం, తేదీ వేయాలి.

రెండవది ఎందుకంటే, 2009లో ఓసీఓ, 2011లో గ్లోరీ అనే నాసా ఉపగ్రహాలు టారస్ ఎక్స్‌ఎల్ రాకెట్ ముక్కుతొడుగు విడిపోక కక్ష్యకు చేరలేదు. ఆ తొడుగు విడిపోయే జాయింటుకు వాడిన అల్యూమినియం టెస్ట్ ఫలితాలను తయారీదారే దిద్దినట్లు తేలిందని నాసా 2019లో ప్రకటించింది. నష్టం 70 కోట్ల డాలర్లు దాటింది. కాగితం మీద మాత్రం అంతా సక్రమమే.

మీ 7075 సంగతికి వస్తే, డ్రాయింగు టీ73 అడిగిందనుకుందాం, స్టాకిస్టు పొరపాటున టీ6 పంపాడనుకుందాం (ఇవి రెండూ హీట్ ట్రీట్‌మెంట్ రకాలు). మిశ్రమం రెండింటికీ ఒకటే కాబట్టి లోహంలోని మూలకాలను ఎక్స్‌రేతో కొలిచే ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ తేడా పట్టదు. టెన్సైల్‌లో టీ6 ఇంకా ఎక్కువ బలమే చూపుతుంది గనుక కనీస విలువ దాటి పాసవుతుంది కూడా! ఒత్తిడి, తేమ కలిసి పగుళ్లు తెచ్చే చోట తట్టుకోవడానికే టీ73 హీట్ ట్రీట్‌మెంట్ అడుగుతారు. ఆ గుణమే ఇక్కడ ఉండదు. దీన్ని పట్టిచ్చేది విద్యుత్ వాహకత: టీ73 కనీసం 38 శాతం ఐఏసీఎస్ (రాగి వాహకతను వందగా తీసుకున్న కొలత) చూపాలి, టీ6 సాధారణంగా అంతకు దిగువనే ఆగుతుంది. ఈ వాహకతను కొలిచే ఎడ్డీ కరెంట్ మీటరు, హార్డ్‌నెస్ టెస్టరు కలిపి వాడితే ఈ తికమక షాపులోనే తేలిపోతుంది.

కీలక భాగాలకు మాత్రం ఏడాదికి ఎన్ని హీట్లకు, ఏ పరీక్షలకు నమూనా పంపాలో రిస్కునుబట్టి ముందే రాసిపెట్టుకోండి. నమూనాను మీరే కోసి, మీరే ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పంపండి. స్టాకిస్టు చేత పంపిస్తే ఇక తనిఖీ ఎక్కడిది? కోత తర్వాత రాక్‌లోకి వెళ్లే మిగులు ముక్క మీద హీట్ నంబరు రాయడం మరవకండి. వచ్చేసారి ఆడిటరు ముందుగా తీసి చూసేది ఆ ముక్కనే కావచ్చు.